ధర్మం సొమ్ము ఎవరి చేతికి చేరాలి

ప్రాణహిత తీర చరిత్ర – 7వ భాగం

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట ఒక గట్టున కాళేశ్వరం, మరో గట్టున సిరోంచ. 1860లో నిజాం ఈ ఎడమ గట్టు నేలను ఇంగ్లీషువాళ్ళకు వదులుకున్నాక సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైంది. డిప్యూటీ కమిషనర్ గ్లాస్‌ఫర్డ్ కచేరీ పెట్టింది ఇక్కడే. పక్కనున్న గ్లాస్‌ఫర్డ్‌పేట ఆయన పేరే మోస్తోంది. 1874లో ఆ జిల్లాను ఎత్తేయడంతో ఊరు చాందా జిల్లాలో ఒక మారుమూల తాలూకాగా మిగిలింది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుంచి గడ్చిరోలి జిల్లా వేరుపడ్డాక కూడా సిరోంచ దానికి దక్షిణపు కొసే. జిల్లా కేంద్రానికి అడవి దారిన సుమారు 200 కిలోమీటర్లు. ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ మరాఠీ, లోపలి గూడేల్లో మాడియా, కోయ. 2016 చివర్లో గోదావరి మీద వంతెన పడేదాకా అవతలి గట్టుకు పడవే దిక్కు. పెద్ద జబ్బు చేస్తే ఇక్కడి జనం ఇప్పటికీ మంచిర్యాల, కరీంనగర్, వరంగల్ వైపే చూస్తారు. గత భాగాల్లో ఈ తీరాన్ని ఏలినవాళ్ళ కథ చెప్పుకున్నాం. ఇక్కడి జనం ప్రాణాలు ఎవరు కాపాడారు, ఎవరి డబ్బుతో కాపాడారు అన్నది ఈ భాగం విషయం.

ఈ ప్రాంతానికి వైద్యం కోసం వచ్చిన డబ్బులో చాలా భాగం దూరదేశాల దాతలది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సిరోంచకు వచ్చిన అమెరికన్ మెథడిస్టు మిషన్‌వాళ్ళ వెనక వాళ్ళ దేశపు చర్చిల చందాలున్నాయి. హేమల్‌కసా ఆసుపత్రి గోడల్లో స్విట్జర్లాండ్ డబ్బుంది. గడ్చిరోలి పరిశోధనల వెనక మోటారుకార్ల మీదా బీమా వ్యాపారం మీదా సంపాదించిన అమెరికా సొమ్ముంది. మంచి జరిగిందా లేదా అని మాత్రమే అడిగితే అన్నిచోట్లా జరిగిందనే చెప్పాలి. ఏ రకం దానం ఎంత దూరం పోయింది, ఎంతకాలం నిలిచింది అని అడిగినప్పుడే తేడా తెలుస్తుంది. నేను ఇక్కడ నిలబెట్టదలచిన మాట ఇది: ఈ తీరాన దూరదేశపు ధనం అన్నిటికంటే ఎక్కువ ఫలించింది, ఊళ్ళో ఉండే మనిషి చేతికి ఒక విద్యగా చేరినప్పుడే. కట్టడమూ విదేశీ చదువూ అక్కడిదాకా వెళ్ళే దారిలో మజిలీలు. వాటి దగ్గరే ఆగిపోయిన దానం సగం దానమే.

విదేశీ వైద్యవిద్యకు దానం అనగానే అమెరికావాళ్ళు ఇవ్వడం, మనవాళ్ళు పుచ్చుకోవడం అనే బొమ్మ మనసులో మెదులుతుంది. తెలుగునాట దానికి ఎదురు నడిచిన ఉదాహరణ ఒకటుంది. రంగూన్ వర్తకంలో గడించిన మల్లాడి సత్యలింగం నాయకర్ తన ఆస్తిని ధర్మానికి రాసిచ్చాడు. కాకినాడలోని ఆ ధర్మసంస్థే, భీమవరంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అనే యువకుడికి సాయం చేస్తామని మాట ఇచ్చింది. మామగారు మరికొంత డబ్బు కూడబెట్టారు. ఆ బలంతో ఆయన 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదివాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు పూర్తి పట్టా దక్కకుండా పోయిన మనిషికి ఆ దేశంలో దారి దొరికింది. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం చేతుల మీదుగా వచ్చిన మందుల్లో ఒకటి డైఇథైల్‌కార్బమజీన్. 1947లో దాని గుణం బయటపడింది. బోదకాలు వ్యాధికి కారణమైన క్రిముల మీద పనిచేసే మందు అది.

గడ్చిరోలి బోదకాలు జిల్లా. 2004 నుంచి మన దేశంలో వ్యాధి ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి అందరిచేతా మింగిస్తున్న మాత్ర ఇదే. సుబ్బారావు స్వదేశానికి తిరిగి రాలేదు, 1948లో న్యూయార్క్‌లోనే కన్నుమూశాడు. మన డబ్బుతో చదివి పరాయి దేశానికి పనిచేస్తారన్న ఫిర్యాదు విదేశీ చదువుల మీద ఎప్పుడూ ఉంటుంది, అది కాదనలేని ఫిర్యాదు కూడా. ఈ ఒక్క ఉదాహరణతో దాన్ని కొట్టిపారేయలేం; అలాంటి మనిషి తరానికొకడు పుడితే గొప్ప. అయితే ఈ కథలో గమనించాల్సింది ఇంకొకటుంది. మందు కనిపెట్టిన 57 ఏళ్ళకు గానీ ఏటేటా ఊరంతటికీ మాత్ర మింగించే పని దేశమంతటా మొదలవ్వలేదు. మాత్ర అమెరికాలో పుట్టడానికి ఒక మేధావి చాలాడు. అది ఒక గూడెంలో ముసలమ్మ నోటిదాకా రావడానికి మాత్రం, ఆ ముసలమ్మ నమ్మే మనిషి ఒకరు ఆమె గుమ్మంలో నిలబడి, ఇప్పుడే నా ఎదురుగా మింగమని చెప్పాలి. దానధర్మాల చరిత్రలో మొదటి మనిషి పేరే మిగులుతుంది. రెండో మనిషిని తయారుచేయడానికి అయ్యే ఖర్చు ఎవరి పద్దులోనూ ఉండదు.

చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్ పేరిట 1913లో పుట్టిన ఫౌండేషన్ ప్రజారోగ్యానికి బడులు కట్టించింది. 1916లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి డబ్బిచ్చింది. రెండేళ్ళకు అక్కడ పాఠాలు మొదలయ్యాయి. 1932లో కలకత్తాలో తెరిచిన అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ వెనకా ఆ డబ్బే. ఈ దానాల వెనక స్వార్థం లేదని ఎవరూ అనలేరు. తోటల్లో, గనుల్లో పనిచేసే కూలీ కొంకిపురుగులు పట్టి నీరసపడితే యజమానికి నష్టమని ఆనాటి దాతలకు బాగా తెలుసు. ఒక్కో జబ్బును ఎంచుకుని మందుతో వేటాడదామనేది వాళ్ళ ధోరణి. కూలి రేట్లూ తిండీ ఇల్లూ, వీటి జోలికి వాళ్ళు పోలేదు. అయినా బడి అనేది విచిత్రమైన దానం. కట్టించినవాడి ఉద్దేశం ఏదైనా, లోపల పాఠం చెప్పేవాడూ వినేవాడూ దాన్ని తమ దారిన తీసుకుపోగలరు.

హాప్కిన్స్‌లో అదే జరిగింది. అంతర్జాతీయ ఆరోగ్య విభాగాన్ని కట్టి నిలబెట్టిన కార్ల్ టేలర్ ముస్సోరీలో మిషనరీ దంపతులకు పుట్టినవాడు. 1960ల్లో పంజాబ్‌లోని నారంగ్‌వాల్ పల్లెల్లో ఆయన బృందం, ఊళ్ళో కార్యకర్తలే నిమ్ము పట్టిన బిడ్డకు పెన్సిలిన్ సూది వేయగలరనీ, దాంతో చావులు తగ్గుతాయనీ నిరూపించింది. 1974లో భారత, అమెరికా సంబంధాలు చెడిన రోజుల్లో ఆ పని ఆగిపోయింది. విదేశీ డబ్బు మీద నిలిచిన పని రాజకీయపు గాలి మారగానే కూలుతుందనే వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. కానీ కూలింది ఏమిటో సరిగ్గా చూడాలి. పంజాబ్‌లో ప్రాజెక్టు పోయింది, టేలర్ దగ్గర పాఠం మిగిలింది. 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు ప్రాథమిక ఆరోగ్యం అందరి హక్కని ప్రకటించిన నాటి ఆలోచనల్లో ఆ పాఠం ఉంది. అదే బడిలో చదువుకున్న ఆరోలే దంపతులు మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970 నుంచీ చదువురాని దళిత స్త్రీలను ఆరోగ్య కార్యకర్తలుగా మలిచారు. ఆ తర్వాత హాప్కిన్స్‌కు నాగపూర్‌లో వైద్యం చదివిన ఇద్దరు వెళ్ళారు: అభయ్ బంగ్, రాణీ బంగ్.

అభయ్ సేవాగ్రామ్‌లో నయీ తాలీమ్ బడిలో పెరిగినవాడు. తండ్రి ఠాకూర్‌దాస్ బంగ్ సర్వోదయవాది. రాణీ చంద్రపూర్ ఆడపడుచు, స్త్రీల వైద్య నిపుణురాలు. 1984లో హాప్కిన్స్ పట్టాలు పుచ్చుకుని నేరుగా దేశానికి వచ్చి, మహారాష్ట్రలో అన్నిటికంటే వెనకబడిన జిల్లా ఏదని చూసి గడ్చిరోలిని ఎంచుకున్నారు. సెర్చ్ అనే సంస్థ పెట్టారు. ముందు ఆసుపత్రి కడదామని కాకుండా, ఇక్కడి జనాన్ని ఏది బాధిస్తోందో తెలుసుకుందామని మొదలుపెట్టారు. దాతలకు ఇది రుచించే పని కాదు. కట్టడం ముందు నిలబడి రిబ్బను కత్తిరించవచ్చు గానీ, ఊరూరా తిరిగి లెక్క రాసుకోవడానికి శిలాఫలకం ఎక్కడ పెడతారు? అయినా నా లెక్కలో ఈ తీరానికి వచ్చిన దానాల్లో అన్నిటికంటే విలువైనది ఆ లెక్క రాయడానికి ఇచ్చిన డబ్బే.

మొదటి లెక్క స్త్రీలది. ఆ రోజుల్లో పేదదేశాల ఆడవాళ్ళ ఆరోగ్యం అంటే దాతలకు తెలిసిందల్లా కుటుంబ నియంత్రణ, లేదంటే కాన్పు. గడ్చిరోలి దగ్గరి వసా, అమిర్జా అనే రెండు ఊళ్ళలో 650 మంది స్త్రీలను రాణీ బంగ్ బృందం పరీక్షించింది. 1989 జనవరిలో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి ఉంది. సగటున ఒక్కొక్కరికి మూడున్నరకు పైగా వ్యాధులున్నాయి. అంతకుముందు ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి 8 మందే. తెల్లబట్ట, నడుంనొప్పి, నెలసరి బాధ ఆడపుట్టుకతో వచ్చినవేనని ఓర్చుకోవడం తెలుగు ఊళ్ళకు కొత్త కాదు. ఆ ఓర్పు వెనక ఎంత రోగం దాగుందో మొదటిసారి అంకెల్లో తేలింది. దాతలు ఇచ్చిన డబ్బుతో దాతలు అడగని ప్రశ్న అడగవచ్చని కూడా తేలింది. ధనం ఇచ్చేవాడే ప్రశ్న కూడా రాసిస్తాడన్న అభ్యంతరం చాలాచోట్ల నిజం. గడ్చిరోలిలో ప్రశ్న ఊళ్ళో పుట్టింది, జవాబు లండన్ పత్రికలో అచ్చయింది, దాతల ఎజెండా ఆ తర్వాత మారింది.

రెండో లెక్క పసిపిల్లలది. చంటిబిడ్డ చనిపోతే దిష్టి తగిలిందనో, గాలి సోకిందనో ఇంట్లో అనుకుంటారు. లెక్క రాసుకుంటూ పోతే వాటిలో చాలా భాగం నిమ్ము, అంటే న్యుమోనియా. పోల్చుకోవడం కష్టమేమీ కాదు: బిడ్డ గబగబా ఊపిరి పీలుస్తుంది, డొక్కలెగరేస్తుంది. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టగలిగితే జబ్బు తెలుస్తుంది. రెండు నెలల లోపు బిడ్డ 60 దాటినా, ఆపై ఏడాది దాకా వయసు బిడ్డ 50 దాటినా నిమ్మే. కానీ ఊళ్ళో మంత్రసానికి అంతదాకా లెక్క రాదు. అందుకని బంగ్ దంపతులు ఒక చిన్న పనిముట్టు తయారుచేశారు. ఒక నిమిషంలో ఇసుక జారిపోయే గాజు గడియారం, పక్కనే పూసలు గుచ్చిన వరుసలు. మరీ పసిబిడ్డకు ఒక వరుస, కాస్త పెద్ద బిడ్డకు ఇంకొకటి. మంత్రసాని పది ఊపిర్లు లెక్కపెట్టి ఒక పూస జరుపుతుంది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టి పదికి ఇంకో పూస. ఇసుక అయిపోకముందే వరుసలో పూసలు అయిపోతే బిడ్డకు నిమ్ము, మందు మొదలుపెట్టాలి. పది వేళ్ళ లెక్క వచ్చిన ఏ మనిషైనా చేయగలిగిన పని అది. హాప్కిన్స్ చదువు ఊళ్ళోకి వచ్చేసరికి అంత సన్నగా, అంత సులువుగా మారాలి. ఆ మార్పు తేగలిగినవాడే చదువుకున్నవాడని నేను నమ్ముతాను.

1990లో లాన్సెట్ ఆ ప్రయోగం ఫలితాలను అచ్చువేసింది. 58 ఊళ్ళలో ఆరోగ్య సిబ్బంది, ఊరి కార్యకర్తలు, మంత్రసానులు కోట్రైమాక్సజోల్‌తో నిమ్ముకు వైద్యం చేశారు. మరో 44 ఊళ్ళను పోల్చి చూశారు. అయిదేళ్ళలోపు పిల్లలు వెయ్యిమందిలో నిమ్ముతో పోయినవాళ్ళు పోల్చిన ఊళ్ళలో 17.5 మంది, వైద్యం అందిన ఊళ్ళలో 8.1 మంది. నిమ్ము వచ్చిన పిల్లల్లో చనిపోయినవాళ్ళు నూటికి 13 మంది పైచిలుకు ఉండేచోట, ఈ ఊళ్ళలో నూటికి ఒక్కరు కూడా లేరు, 0.8 మాత్రమే.

మూడో లెక్క ఇంకా కఠినమైంది. పుట్టిన నెలలోపే పోయే బిడ్డల సంగతి అది. ఆ బిడ్డలకు ఆసుపత్రి తప్ప వేరే దారి లేదని వైద్యలోకమంతా అనుకునే రోజులు. పురిటి బిడ్డనూ బాలింతనూ గడప దాటించని ఆచారం ఉన్న ఊళ్ళలో, బండి కూడా దొరకని అడవిలో, ఆసుపత్రి తప్ప దారి లేదనడం దారే లేదనడంతో సమానం. 39 ఊళ్ళలో అయిదు నుంచి పది తరగతులు చదివిన ఆడవాళ్ళను ఎంచుకుని ఆరోగ్యదూతలుగా తీర్చారు. కాన్పు దగ్గర ఉండటం, ఏడవని బిడ్డకు ఊపిరి అందించడం, బరువు తూచడం, ఒంటి వేడి చూడటం, తల్లిపాలు పట్టించడం, రక్తంలో విషం పాకే లక్షణాలు గుర్తుపట్టడం నేర్పారు. అన్నిటికంటే పెద్ద సాహసం, జెంటామైసిన్ సూది వేయడం నేర్పారు. మరో 47 ఊళ్ళను పోల్చారు. ఆరోగ్యదూతల ఊళ్ళలో మొదట వెయ్యిమంది బిడ్డలకు 62 మంది నెలలోపే పోయేవాళ్ళు. మూడో ఏటికి అది 25.5కు దిగింది. పోల్చిన ఊళ్ళలో 60 దగ్గరే నిలిచింది. రక్తవిషం సోకిన బిడ్డల్లో చావు నూటికి 16.6 నుంచి 2.8కి తగ్గింది. ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు 5.3 డాలర్లు, అప్పటి మారకంలో రెండొందల రూపాయల దరిదాపు. 1999లో ఈ ఫలితం అచ్చయింది. పరిశోధనకు డబ్బిచ్చినవి ఫోర్డ్ ఫౌండేషన్, మెక్‌ఆర్థర్ ఫౌండేషన్.

ఇక్కడ వైద్యుల నుంచి వచ్చిన అభ్యంతరం చిన్నది కాదు. పది చదివిన పల్లెటూరి మనిషి చేతికి సూది ఇస్తే రేపు ప్రతి ఊళ్ళో దొంగవైద్యుడు తయారవడా, పసిగుడ్డు ఒంట్లోకి పోయే మందు మోతాదు తప్పితే ఎవరిది బాధ్యత అని. ఆ భయంలో నిజాయితీ ఉంది. కానీ ఆ వాదన ఆరోగ్యదూతను డాక్టరుతో పోలుస్తోంది. ఈ జిల్లాలోని ధానోరా అడవి పల్లెలో డాక్టరు లేడు. అక్కడ పోల్చాల్సింది ఆరోగ్యదూత ఉన్న రాత్రిని, ఎవరూ లేని రాత్రితో. 16.6, 2.8 అనే రెండు అంకెల మధ్య తేడా అదే. పైగా ఆ సూది గాలికి వదిలేసిన సూది కాదు. వైద్యుడు పదిహేను రోజులకోసారి ప్రతి ఊరికీ వచ్చి రాతలు సరిచూసి, తప్పులు దిద్ది, మళ్ళీ పాఠం చెప్పేవాడు. శిక్షణ అంటే మూడు రోజుల క్లాసు, ఒక భోజనం, ఒక సర్టిఫికెట్ అనుకునేవాళ్ళు ఈ విషయం దగ్గర ఆగి చూడాలి.

పోల్చడానికి కొన్ని ఊళ్ళను వదిలేయడం న్యాయమేనా అన్నది ఇంకా ఇబ్బందిపెట్టే ప్రశ్న. 47 ఊళ్ళలో పోయిన బిడ్డలకూ తల్లులున్నారు. ఆ ఊళ్ళకు అప్పటిదాకా ఉన్న ప్రభుత్వ సేవలు అందుతూనే ఉన్నాయి, ఎవరి వైద్యాన్నీ ఆపలేదు అనేది ఒక జవాబు. ఆ జవాబు నాకు పూర్తిగా సరిపోదు. అంతకంటే బలమైన జవాబు ఆ తర్వాత జరిగినదాంట్లో ఉంది. పోలిక లేకపోతే 39 ఊళ్ళ అనుభవం ఇద్దరు మంచి డాక్టర్ల పుణ్యకథగా మిగిలిపోయేది, ప్రభుత్వాలు దండం పెట్టి పక్కన పెట్టేవి. పోలిక ఉంది కాబట్టే ఎవరూ తోసిపుచ్చలేకపోయారు. మహారాష్ట్రలో మరో ఏడుచోట్ల అదే పద్ధతి పెట్టి చూశారు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి పుట్టిన వారంలో ఇంటికి వెళ్ళి బిడ్డను చూడాలని అన్ని దేశాలకూ చెప్పాయి. 2011లో భారత ప్రభుత్వం ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతటా ఆ పని మొదలుపెట్టింది. ఆసుపత్రిలో కాన్పయితే ఆరుసార్లు, ఇంట్లో అయితే ఏడుసార్లు, 42 రోజులు నిండేలోపు ఆశా ఆ ఇంటికి వెళ్ళాలి. బాల్టిమోర్ నుంచి గడ్చిరోలికి వచ్చిన విద్య ఇప్పుడు గడ్చిరోలి నుంచి బయటి దేశాలకు పోతోంది.

ఇదంతా చదివి ఆసుపత్రులు అక్కర్లేదంటున్నానని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. అడ్డం తిరిగిన కాన్పుకు, పాముకాటుకు, ఎలుగుబంటి చీల్చిన ముఖానికి పూసల వరుస ఏం చేస్తుంది? భామ్రాగడ్ దగ్గర హేమల్‌కసాలో బాబా ఆమ్టే 1973 డిసెంబర్ 23న లోక్ బిరాదరీ ప్రకల్ప్ మొదలుపెట్టారు. కొడుకు ప్రకాశ్, కోడలు మందాకిని ఇద్దరూ డాక్టర్లు. కరెంటు లేని అడవిలో, వానాకాలం ఏరులు పొంగితే లోకంతో తెగిపోయే చోట, మాడియా నేర్చుకుని వైద్యం చేశారు. 1975లో స్విస్ఎయిడ్ డబ్బుతో చిన్న ఆసుపత్రి లేచింది. సిరోంచ వైపు నుంచీ, ఛత్తీస్‌గఢ్ నుంచీ, అప్పటి ఆంధ్ర సరిహద్దు నుంచీ రోగులు అక్కడికి నడిచి వచ్చారు. 2008లో ఆ దంపతులకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఈ కథలో వరస ముఖ్యం. మనుషులు ముందు వచ్చారు, గోడలు రెండేళ్ళ తర్వాత వచ్చాయి. గోడలు ముందు లేచి మనుషులు రాని ఆరోగ్య కేంద్రాలు ఈ సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి. తమ ఆవరణ శోధగ్రామ్‌లో సెర్చ్‌వాళ్ళు ఆసుపత్రి కట్టాల్సి వచ్చినప్పుడు కూడా ముందు గోండు పెద్దలను అడిగారు. పెద్ద భవనం, తెల్లకోట్లు చూస్తే భయమేస్తుందని, గుడిసెల్లా కట్టమని, దేవత పేరు పెట్టమని వాళ్ళు చెప్పారు. ఆ ఆసుపత్రి మా దంతేశ్వరి పేరుతో గుడిసెల వరుసగా నిలిచింది. ఓరుగల్లు నుంచి అన్నమదేవుడు బస్తర్‌కు తీసుకుపోయాడని చెప్పుకునే ఆ తల్లి, తెలుగువాళ్ళకూ పరాయిది కాదు.

ప్రైవేటు దానం ప్రభుత్వానికి తప్పించుకునే దారి ఇస్తుందన్న అభ్యంతరమే నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేస్తుంది. దాతలు చూసుకుంటున్నారు కదా అని సర్కారు చేతులు దులుపుకుంటుంది. గడ్చిరోలి విషయంలో అలా జరగలేదు, దేశం ఆ పద్ధతిని తన పథకంగా తీసుకుంది. కానీ ఎంత తీసుకుందో చూడాలి. ఇంటికి వెళ్ళడం తీసుకుంది, బరువు తూచడం, ఒంటి వేడి చూడటం తీసుకుంది. సూదిని తీసుకోలేదు. జబ్బుపడ్డ బిడ్డను గుర్తుపట్టి ఆసుపత్రికి పంపమని ఆశాకు చెప్పింది. నల్లగొండలోనో నాసిక్‌లోనో ఆ మాట సరిపోవచ్చు. సిరోంచ తాలూకా లోపలి ఊళ్ళలో, వాగులు పొంగిన శ్రావణమాసం రాత్రి, పంపు అనే మాటకు అర్థం ఉండాలంటే వెళ్ళడానికి దారి, వెళ్ళిన చోట పసిబిడ్డల డాక్టరు ఉండాలి. పదిహేను రోజులకోసారి వచ్చి తప్పులు దిద్దే వైద్యుణ్ణీ పథకం తీసుకోలేదు. పనిని బట్టి ఇంత అని లెక్కకట్టి, 42 రోజుల సందర్శనలకు కలిపి 250 రూపాయలు పెట్టింది.

సెర్చ్ పరిశోధన ఊళ్ళు జిల్లా ఉత్తర భాగంలోనివి. పసిబిడ్డల వైద్యంలో సిరోంచకు ఆ సంస్థ చేయి నేరుగా అందలేదు. అందింది ఆశా రూపంలో వచ్చిన ఆ విద్య. మరాఠీలో నేర్చుకున్న పాఠాన్ని ఆమె బాలింతకు తెలుగులో చెబుతుంది, పక్క గూడెంలో కోయలోనో మాడియాలోనో చెబుతుంది. ఆ మూడు భాషల్లో అచ్చయిన పాఠాలు, ఆమె వెనక నిలబడే పర్యవేక్షకురాలు, ఆ పర్యవేక్షకురాలికి ఏళ్ళ తరబడి నెలజీతం: ఈ తీరానికి ఇవాళ కావలసిన దానం ఇది. దాతలు జీతాలకు ఇవ్వడానికి వెనకాడతారని తెలుసు. మూడేళ్ళ ప్రాజెక్టు, చివర నివేదిక, ఫొటోలు అనేది వాళ్ళ కొలత. కానీ 1993 నుంచి 1998 దాకా ఆ 39 ఊళ్ళలో డబ్బు నిజంగా దేనికి ఖర్చయిందో చూస్తే, మందులకు అయింది కొంచెమే. మిగతాదంతా మనిషికి నేర్పడానికి, మళ్ళీ వెళ్ళి చూడటానికి, తప్పు దిద్దడానికి అయింది. గోదావరి వంతెన దాటి వరంగల్ వెళ్ళగలిగే స్థోమత ఉన్న కుటుంబాలకు ఇప్పుడు దారి ఉంది. ఆ స్థోమత లేని ఇళ్ళలో బిడ్డ పుట్టిన మూడో రోజున తలుపు తట్టేది ఇప్పటికీ ఆశాయే. ఆమె సంచిలో గడియారం ఉంది, థర్మామీటర్ ఉంది, తూకం ఉంది. సూది ఆమె చేతికి ఎందుకు ఇవ్వలేదో, ఇవ్వాలంటే ఆమె వెనక ఎవరిని నిలబెట్టాలో ముంబైలోని మంత్రాలయమూ, ఈ తీరానికి డబ్బు పంపాలనుకునే ప్రతి దాతా జవాబు చెప్పాలి.